కడపలో పాత హోటళ్లకు మళ్లీ వెళ్లి, అక్కడి పేరున్న వంటకాలు సరిగ్గా తినిరావడం ఎలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో కడప విడిచి హైదరాబాదుకో బెంగళూరుకో కువైట్‌కో వెళ్లి, కొన్నేళ్ల తర్వాత సెలవులకు ఊరికి వచ్చేవారిలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. అప్పట్లో తిన్న చోటనే, అప్పట్లో తిన్నదే మళ్లీ ఒకసారి తినాలని వారు ఆశపడతారు. కానీ ఊళ్లో దిగిన రోజునే బంధువులందరినీ కారులో ఎక్కించుకుని, గుర్తున్న హోటలు పేరు ఫోనులో వెతికి, ఏ మధ్యాహ్నం మూడింటికో అక్కడికి చేరి, మెనూలో కనిపించినవి ఐదారు రకాలు చెప్పి, ఒక్కొక్కటి రెండు ముద్దలు తిని, ‘మునుపటి రుచి లేదు’ అని లేచి వచ్చేస్తారు. మా సీమలో చిన్న హోటలుకు పేరు తెచ్చేది సాధారణంగా ఒకే ఒక వంటకం. ఆ వంటకానికి ఒక వేళ ఉంటుంది, దానితో తినవలసిన తోడు ఒకటి ఉంటుంది, దాన్ని చేసే చెయ్యి ఒకటి ఉంటుంది. ఈ మూడూ కుదిరినప్పుడు తింటేనే ఆ హోటలుకు మళ్లీ వెళ్లినట్టు లెక్క. అందుకు ఏమేమి చేయాలో, ఏ క్రమంలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

హోటలు పేరు కన్నా ముందు వంటకం పేరు రాయండి

ప్రయాణానికి ముందే ఒక కాగితం తీసుకుని, మీరు మళ్లీ తినాలనుకుంటున్న వంటకాలను రాసుకోండి. ప్రతిదాని పక్కన నాలుగు సంగతులు చేర్చండి: అది ఏ వేళలో తినేవారు, ఏ వీధిలో తినేవారు, పక్కన ఏమి పెట్టేవారు, ఎవరు చేసేవారు. ‘కారం దోసె’ అని ఊరికే రాస్తే మీకే ఉపయోగపడదు. ‘కారం దోసె, పొద్దున ఏడు లోపల, కాలేజీకి పోయే దారిలో, శెనక్కాయల (వేరుశనగల) చట్నీతో పాటు ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర పెట్టేవారు, పెనం దగ్గర పెద్దాయన ఉండేవారు’ అని రాస్తే, ఆ హోటలు పేరు మరిచిపోయినా దాన్ని కనిపెట్టవచ్చు. హోటళ్ల పేర్లు మారిపోతాయి, బోర్డులు మారిపోతాయి; ఏ వేళకు ఏ వీధిలో ఏ వాసన వచ్చేదో మాత్రం మనకు బాగా గుర్తుంటుంది, దాన్నే నమ్ముకోవాలి.

జాబితా పెద్దదైతే దాన్ని తగ్గించండి. ఏ ఊళ్లోనైనా దొరికే ఇడ్లీ, పూరీ, నూడుల్స్ వంటివి కొట్టివేసి, కడపలోనే తినవలసినవి మిగల్చండి. కారం దోసె, ఉగ్గాని బజ్జి, రాగి సంగటి నాటుకోడి పులుసు, పొట్టేలు తలకాయ కూర లేదా బోటి (పేగుల కూర), అలసంద (బొబ్బర్ల) వడలు, నన్నారి షర్బత్ ఉంటే చాలు. ఇవి కూడా ఒక్క రోజులో తినగలిగేవి కావు.

ఆ హోటలు ఇంకా ఉందా, ఉన్నది అదేనా?

ఈ పని ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఊళ్లోనే ఉండిపోయిన బంధువుకో, కలిసి చదివినవారికో ఫోను చేసి అడగండి. అయితే ‘మంచి హోటలు ఏది?’ అని అడగకండి, ఎందుకంటే ఎవరైనా కొత్తగా కట్టిన ఏసీ హోటలు పేరే చెబుతారు. వంటకాన్నీ వీధినీ పట్టుకుని అడగండి. ఊళ్లో దిగిన తర్వాత ఆ వీధిలోని కిరాణా కొట్టులోనో, టీ బంకు దగ్గరో, ఆటో నడిపేవారినో ‘అన్నా, ఈడ పొద్దున్నే కారం దోసెలు పోస్తాండిరి కదా, ఇప్పుడు యాడ పెట్టినారు?’ అని అడిగితే సూటిగా సమాధానం వస్తుంది. ఏడు రోడ్ల కూడలి, కోటిరెడ్డి సర్కిల్, అప్సర సర్కిల్, పాత బస్టాండు చుట్టుపక్కల వీధులను గుర్తుగా చెప్పండి. కొత్త దుకాణాల పేర్లు మీకు తెలియవు, పాత దుకాణాల పేర్లు ఇప్పటి కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు, కూడళ్ల పేర్లు మాత్రం ఇద్దరికీ తెలుస్తాయి.

ఒకే పేరుతో రెండు మూడు బోర్డులు కనిపిస్తే కంగారు పడవద్దు. తండ్రి నడిపిన హోటలును అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇద్దరూ అదే పేరు పెట్టుకోవడం మామూలే, కాబట్టి ‘అసలు’ అన్న మాట బోర్డు మీద ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. మీరు తెలుసుకోవలసింది వంట మాస్టరు ఎటు వెళ్లాడన్నది. పేరు ఒక అన్నకు వచ్చి, వంట చేసే చెయ్యి ఇంకో తమ్ముడి దగ్గర ఉండిపోయిన సందర్భాలు ఉంటాయి. గల్లాపెట్టె దగ్గర గోడకు ఆహార భద్రతా శాఖవారి లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ పత్రం తగిలించి ఉంటుంది. 14 అంకెల సంఖ్యతో పాటు అందులో వ్యాపారం ఎవరి పేరున ఉందో కూడా కనిపిస్తుంది. అయితే పత్రం చదివి తెలుసుకోవడం కంటే మర్యాదగా అడిగి తెలుసుకోవడమే నాకు నచ్చుతుంది. ‘మీ నాయన కాలం నుంచి తింటున్నానయ్యా’ అని ఒక్క మాట అంటే, చాలాచోట్ల వారే హోటలు చరిత్ర అంతా చెబుతారు.

అసలు హోటలు మూతపడిందని తెలిస్తే జాబితాలోంచి ఆ వంటకాన్ని కొట్టివేయకండి. అక్కడ పనిచేసిన మాస్టరు ఇప్పుడు ఏ హోటల్లో ఉన్నారో, సొంతంగా బండి పెట్టుకున్నారో కనుక్కోండి. మీరు వెతుకుతున్న రుచి ఆయనతో పాటే వెళ్లి ఉండే అవకాశం ఎక్కువ.

రోజును, నెలను ఎంచుకోవడం

హైదరాబాదు నుంచి కడపకు సుమారు 400 కిలోమీటర్లు. రాత్రి బస్సో రైలో ఎక్కితే తెల్లవారుజామునే దిగుతారు, అది టిఫిన్ హోటళ్లకు సరైన సమయం. కానీ రాత్రంతా నిద్రలేక, నోరు చేదుగా ఉన్నప్పుడు తొలి దోసె తినడం మంచిది కాదు. ఆ పూట ఇంట్లో ఇడ్లీ తిని పడుకుని, మరుసటి రోజు నుంచి మొదలుపెట్టండి.

ఒక రోజుకు ఒక టిఫిన్, ఒక భోజనం, సాయంత్రానికి ఒక చిరుతిండి చాలు. పొద్దున రెండు హోటళ్లలో సగం సగం తిని రెంటినీ పోల్చి చూద్దామనుకుంటే, రెండో దాన్ని ఆకలి లేకుండా తిని, దానికి అన్యాయం చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కడపలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో నడి మధ్యాహ్నం సంగటీ మాంసమూ తిని తిరగడం పెద్దవాళ్లకు ప్రమాదం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికీ అనుకూలంగా ఉంటుంది. అయితే కార్తీక మాసంలో మాంసం ముట్టనివారు చాలామంది ఉంటారు కాబట్టి మాంసాహార మెస్సుల్లో వంట తగ్గుతుంది, కొన్నిచోట్ల అన్ని రకాలూ చేయరు. రంజాన్ నెలలో పాతబస్తీ వైపు ముస్లింలు నడిపే హోటళ్లు కొన్ని పగటిపూట మూసి ఉంచి సాయంత్రం తెరుస్తాయి. అప్పుడు హలీం కోసం వెళ్లాలి గాని మధ్యాహ్నం భోజనానికి కాదు. ఉగాది నాడు దేవుని కడపలో, ఉరుసు రోజుల్లో పెద్ద దర్గా దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లే ఆ సందడిని తప్పక చూడండి, కానీ ఆ రోజుల్లో ఊళ్లోని హోటళ్లు మామూలు కంటే ఎన్నో రెట్లు వండవలసి వస్తుంది కాబట్టి వాటి వంటను ఆ రోజుల్లో తిని నిర్ణయించకండి.

కారం దోసె: పెనం కనిపించే చోట కూర్చోండి

కారం దోసెకు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల వెళ్లడం మంచిది. మరీ ముందే వెళితే పెనం ఇంకా కుదురుకోదు, తొలి రెండు మూడు దోసెలు అంటుకుంటాయి. మరీ ఆలస్యమైతే పొద్దున నూరిన కారం అడుగంటి, నీళ్లు ఊరి పలచబడుతుంది, చట్నీలో నీళ్లు కలుస్తాయి. లోపల ఫ్యాను కింద ఖాళీ ఉన్నా సరే, పెనం కనిపించే బల్ల దగ్గరే కూర్చోండి. ఈ వంటకాన్ని సగం కళ్లతో చూసి తెలుసుకోవాలి.

కారం అంటే ఇక్కడ పొడి కాదు. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ (వెల్లుల్లి), ఉప్పు వేసి మెత్తగా నూరిన పచ్చి ముద్ద. మాస్టరు పిండి పోసి దోసె తిప్పిన తర్వాత, పైతడి ఆరుతుండగా ఈ ముద్దను గరిటె అడుగుతో పలచగా పూస్తారు. ఆపైన పప్పుల పొడి చల్లి, నెయ్యో నూనెనో వేస్తారు. దోసెను తిరగవేయరు, కాబట్టి కారం నేరుగా పెనానికి తగలకుండా, కింది నుంచి దోసె మీదుగా వచ్చే వేడితోనే మగ్గుతుంది. దీని రుచి అంతా ఈ మగ్గడంలోనే ఉంది. దోసె మరీ పలచనైతే అడుగు మాడిపోతుంది గాని పైనున్న ఎర్రగడ్డ పచ్చివాసన పోదు. మరీ మందమైతే వేడి పైదాకా రాక కారం పచ్చిగానే ఉండిపోతుంది. మంచి మాస్టరు కారం పూసిన తర్వాత కొంతసేపు దోసెను ముట్టుకోరు. రద్దీ ఎక్కువై పెనం మీద ఒకేసారి అరడజను దోసెలు పోసి గబగబా తీసేస్తున్నారంటే, మీ వంతు వచ్చేసరికి మీకు కూడా పచ్చి కారమే వస్తుంది. అప్పుడు ‘నిదానంగా ఎర్రగా కాల్చి ఇయ్యన్నా, తొందర లేదు’ అని ముందే చెప్పండి. అలా చెప్పినవారికి మాస్టర్లు ప్రత్యేకంగా చేసిపెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఏమి అడగాలో కూడా తెలిసి ఉండాలి. పప్పుల పొడి అంటే వేయించిన పప్పులు (పుట్నాలు), తెల్లగడ్డ, ఎండుమిర్చి, ఉప్పు కలిపి కొట్టిన పొడి. అది కారపు ఘాటును తగ్గించి, నెయ్యిని పీల్చుకుని, దోసెకు కమ్మదనం ఇస్తుంది. కొన్ని హోటళ్లలో అడిగితేనే వేస్తారు, కాబట్టి మరిచిపోకుండా అడగండి. లోపల ఉర్లగడ్డ కూర కావాలా వద్దా అన్నది మీ అలవాటును బట్టి ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత తొలిసారి తింటున్నట్టయితే కూర లేకుండా ఒకటి తినమని నా సలహా. చీజ్, పనీర్ వేసిన రకాలు ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతున్నాయి, పిల్లలు ఇష్టపడితే వారికి చెప్పండి, మీరు మాత్రం మీ పాత దోసెనే చెప్పండి.

దోసె వచ్చిన తర్వాత చట్నీలో ముంచకుండా, అంచు దగ్గర ఒక ముక్క తిని పిండి పులుపు చూడండి. మధ్యలో కారం ఉన్న చోట ఒక ముక్క తిని, మిరపకాయ రుచి ముందు వస్తోందా, ఘాటు ముందు వస్తోందా గమనించండి. రంగుకు బ్యాడిగి మిరపకాయ, ఘాటుకు గుంటూరు రకం కలిపి వాడితే ఎరుపూ రుచీ ముందుగా తెలిసి, మంట కాస్త ఆలస్యంగా వస్తుంది. ఘాటు ఒక్కటే నాలుకకు తగిలి, రంగు ముదురుగా లేకపోతే మిరపకాయ రకం మారిందని అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత శెనక్కాయల చట్నీతో తినండి. చట్నీ చిక్కగా, అంచున కాస్త నూనె తేలుతూ ఉంటే శెనక్కాయలు తగినన్ని వేసినట్టు. తెల్లగా నీళ్లలాగా ఉంటే పప్పులు ఎక్కువ, శెనక్కాయలు తక్కువ అన్నమాట. రెండో దోసె తినగలిగితే అప్పుడు ఇష్టమొచ్చినట్టు తినండి, ఇక పరీక్ష అక్కరలేదు.

ఉగ్గాని బజ్జి

బొరుగులను (మరమరాలను) నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో కలిపి, పప్పుల పొడి చల్లి చేసే ఉగ్గాని కడప, అనంతపురం, కర్నూలు మూడు చోట్లా ఉంటుంది. దీనికి మిరపకాయ బజ్జీ తప్పనిసరి తోడు. దీని విషయంలో ఒక్క నియమం పాటిస్తే చాలు: కొత్తగా కలిపినప్పుడే తినాలి. బాండలిలో అరగంట ఉన్న ఉగ్గాని మెత్తబడి ముద్దవుతుంది. ‘ఇప్పుడు కలుపుతారా?’ అని అడిగి, కలిపేదాకా ఒక టీ తాగుతూ ఆగండి. బజ్జీ కూడా ఎదురుగా నూనెలోంచి తీసినదే తీసుకోండి. నూనె నల్లగా, చిక్కగా మారి నురుగు కడుతూ ఉంటే, పొగ వస్తూ ఉంటే, ఎంత పేరున్న బండి అయినా ఆ రోజుకు బజ్జీ మానేసి ఉగ్గాని మాత్రమే తినండి.

సంగటికి ముందే చెప్పి పెట్టండి

కడప జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లే. మెట్ట భూముల్లో తక్కువ నీటితో పండే రాగి, జొన్న, కొర్ర మా పెద్దల రోజువారీ తిండి కావడానికి కారణం అదే. పొలానికి పోయే ముందు ఇంట్లో తిన్న సంగటి ఇప్పుడు హోటళ్లలో ఆదివారం విందుగా మారింది. అందుకే మెస్సులు దాన్ని వారమంతా ఒకే శ్రద్ధతో చేయవు. గిరాకీ ఎక్కువ ఉన్న ఆదివారం ఎక్కువ మాంసం వండుతారు, అదే రోజు తొందరా ఎక్కువ ఉంటుంది. నా అనుభవంలో సంగటి తినడానికి మధ్యవారపు రోజు, పన్నెండున్నరకు ముందు వెళ్లడం అన్నిటికంటే మంచిది. మెస్సుకు ఒక రోజు ముందే ఫోను చేసి, ‘రేపు నాటుకోడి వండుతారా, సంగటి ఎన్ని గంటలకు దిగుతుంది?’ అని కనుక్కోండి.

సంగటి ఎలా చేస్తారో తెలిస్తే ఎందుకు త్వరగా వెళ్లాలో అర్థమవుతుంది. బియ్యాన్నో నూకలనో ఎక్కువ నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, దాని మీద రాగిపిండిని కుప్పగా పోసి, మధ్యలో తెడ్డుతో గుంత చేసి, మూత పెట్టి సన్నని మంట మీద మగ్గనిస్తారు. పిండి ఉడికిన తర్వాత తెడ్డుతో గట్టిగా కలిపి, చేతికి నీళ్లో నెయ్యో అద్దుకుని ముద్దలు కడతారు. ఈ కలపడంలో బలం తగ్గితే పిండి ఉండలు కడుతుంది, మగ్గడం తక్కువైతే పచ్చి పిండి వాసన వస్తుంది. దించిన వెంటనే ముద్ద నిగనిగలాడుతూ మెత్తగా ఉంటుంది. చల్లారే కొద్దీ పైపొర గట్టిపడి, లోపల బిరుసెక్కుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ మెత్తదనం రాదు. రెండున్నర గంటలకు వెళ్లి సంగటి గట్టిగా ఉందని ఆ మెస్సును తప్పు పట్టడం న్యాయం కాదు.

తినే పద్ధతి తెలియని పిల్లలకు మీరే చూపించండి. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంత చేసి, అందులో నెయ్యి వేసి, చుట్టూ పులుసు పోయించుకోవాలి. చిన్న ముక్క తుంచి, పులుసులో తడిపి, పెద్దగా నమలకుండా మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుని చికాకు పుడుతుంది, సంగటి నచ్చలేదనే కొత్తవారిలో చాలామంది చేసే పని ఇదే. పులుసు పలచగా ఉండాలి. బిరియానీకి వండినట్టు చిక్కని మసాలా కూర సంగటికి సరిపోదు. పక్కన ఊరిబిండి ఉందేమో అడగండి. వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ బరకగా దంచి చేసే ఆ పచ్చడి చాలా మెస్సుల్లో మెనూలో కనిపించదు, అడిగినవారికే పెడతారు. మాంసం తినని వారికి సంగటి, ఊరిబిండి, పుంటికూర (గోంగూర), నెయ్యి ఉంటే అదే పూర్తి భోజనం.

నాటుకోడి అని చెప్పినదంతా నాటుకోడి కాకపోవచ్చు. పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గిరిరాజ వంటి రకాలు కూడా అదే పేరుతో వడ్డనకు వస్తాయి. వాటిలో తప్పేమీ లేదు గాని, మీరు పాత రుచి వెతుకుతున్నారు కాబట్టి అడిగి తెలుసుకోండి. నిజమైన నాటుకోడి ముక్క చిన్నదిగా, ఎముక గట్టిగా ఉంటుంది. మాంసం ఎముక నుంచి సులభంగా ఊడదు, బ్రాయిలర్ కంటే చాలా ఎక్కువ సేపు ఉడకాలి. దాని బలమంతా పులుసులోకి దిగుతుంది. అందువల్ల ముక్కల కోసం ఆరాటపడకుండా పులుసు ఎక్కువ పోయించుకోండి. ముక్క నోట్లో వెన్నలా కరిగిపోతే అది నాటుకోడి అయ్యే అవకాశం తక్కువ.

తలకాయ కూర, బోటి తినాలనుకునేవారు శుభ్రత విషయంలో మొహమాటపడవద్దు. బోటిని బాగా కడిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలి. మీకు తెలిసిన మెస్సులో తప్ప కొత్తచోట బోటి తినవద్దని నేను గట్టిగా చెబుతాను.

సాయంత్రానికి నన్నారి

మధ్యాహ్నం సంగటి తిన్నవారికి సాయంత్రం ఆరు వరకు ఆకలి వేయదు. అప్పుడు నన్నారి షర్బత్ తాగితే చాలు. సుగంధి వేళ్ల కషాయంతో చేసిన పాకంలో నిమ్మకాయ పిండి, సోడా పోసి ఇస్తారు. సీసాలోని పాకం వాసన చూపించమని అడగండి. వేరు వాసన నెమ్మదిగా, లోతుగా వస్తుంది. సెంటులాగా గుప్పున ముక్కుకు కొడితే అది ఎసెన్సు కలిపినది.

రుచి మారిందనిపిస్తే

ఒక్కసారి తిని తీర్పు చెప్పకండి. అదే వంటకాన్ని, అదే వేళలో, వేరొక రోజు మళ్లీ తినండి. రెండోసారి కూడా తేడా ఉంటే, కారణం ఏమిటో ఆలోచించండి. ఒకప్పుడు శెనక్కాయల నూనె వాడిన చోట ధర భరించలేక వేరే నూనెకు మారి ఉండవచ్చు. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చి ఉండవచ్చు. రోలు పోయి గ్రైండరు రావడం వల్ల కారం మరీ మెత్తగా నలిగి, ఎర్రగడ్డ నీరు వదిలి ఉండవచ్చు. ఇవన్నీ రుచిని నిజంగా మారుస్తాయి.

మీ నాలుక కూడా మారి ఉంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కు రోజూ తినేవారి నోరు అలవాటుపడుతుంది, మానేస్తే ఆ అలవాటు తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి కారం తగ్గించి తిన్నవారికి, ఒకప్పుడు ఇష్టంగా తిన్న దోసెలో ఇప్పుడు మంట తప్ప ఇంకేమీ తెలియకపోవచ్చు. వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది, జలుబు ఉంటే సగం రుచి తెలియదు. అందుకే ఊరికి రావడానికి ముందు కొన్నాళ్లు ఇంట్లో కారం కాస్త పెంచి తినండి, జలుబుతో ఉన్న రోజు హోటలుకు వెళ్లకండి.

నిజంగానే మారిందని తేలితే, గల్లా దగ్గర పదిమంది ముందు కాకుండా, రద్దీ తగ్గిన తర్వాత మాస్టరుతో మెల్లగా మాట్లాడండి. ‘చట్నీ అప్పట్లో ఇంకా చిక్కగా ఉండేదన్నా’ అని ఒక్క సంగతిని పట్టుకుని చెబితే వింటారు. ‘ఏమీ బాగాలేదు’ అంటే ఎవరూ వినరు. బాగుంటే కూడా తప్పక చెప్పండి, పెనం దగ్గర నాలుగు గంటలు నిలబడిన మనిషికి ఆ మాట చాలా అవసరం.

పెద్దలూ పిల్లలూ వెంట ఉన్నప్పుడు

పిల్లలకు తొలిరోజే కారం దోసె పెట్టవద్దు. ముందు గుంత పొంగణాలు, నెయ్యి దోసె పెట్టి, మీ దోసె అంచు ముక్క ఒకటి రుచి చూపించండి. మంట తగిలినప్పుడు నీళ్లు తాగిస్తే తగ్గదు, క్యాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి. పాలో పెరుగో మజ్జిగో ఇవ్వండి. రక్తపోటు, మధుమేహం ఉన్న పెద్దలు నెయ్యి, ఉప్పు ఎక్కువున్న ఈ వంటకాలను చిన్న మోతాదులో, పగటి పూటనే తినడం మంచిది. పెద్దవాళ్లు వెంట వస్తే వారిని ఆ హోటలు పాత సంగతులు అడగండి. మీరు చూడని కాలంలో అక్కడ ఎవరు వండేవారో వారికి తెలుస్తుంది, మీ జాబితాకు ఒకటి రెండు కొత్త చోట్లు చేరుతాయి.

పొట్లం కట్టించుకునేవి, కట్టించుకోకూడనివి

కారం దోసెను పార్శిల్ చేయించుకోకండి. పది నిమిషాల్లో ఆవిరికి మెత్తబడి, కారం దోసెకు బదులు కాగితానికి అంటుకుంటుంది. సంగటి అంతకంటే కష్టం, చల్లారితే తినలేరు. చట్నీ కొబ్బరితో చేసినదైతే ఎండాకాలంలో సాయంత్రానికే పులిసిపోతుంది. పప్పుల పొడి తీసుకెళ్లండి. తడి తగలని డబ్బాలో పోసి ఉంచితే కొన్ని వారాలు నిలుస్తుంది, బెంగళూరులో అయినా కువైట్‌లో అయినా వేడి అన్నంలో నెయ్యితో కలుపుకోవచ్చు. కొన్ని టిఫిన్ హోటళ్లవారు ముందు రోజు చెబితే పావుకిలో, అరకిలో విడిగా కొట్టి ఇస్తారు. నన్నారి పాకం సీసా తీసుకెళ్లేటట్టయితే మూత చుట్టూ టేపు వేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, విమానంలో అయితే చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టండి. ఊరిబిండి కావాలంటే ఆ మెస్సువారినే నీళ్లు తగలకుండా, ఎర్రగడ్డ వేయకుండా గట్టిగా దంచి ఇమ్మని అడగండి. చేరిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయండి.